తెర అవతలి నాలుగో నంబరు

పరమేశ్వర్ నగరంలోని పాశ్చాత్య వాద్యబృందంలో పద్దెనిమిదేళ్లు క్లారినెట్ వాయించి, మూడేళ్ల కిందట అదే బృందానికి కండక్టర్ అయ్యాడు. కుర్చీలో కూర్చుని ఊదినన్నాళ్లూ అతనికి తన తప్పులు వినిపించేవి. బృందాన్ని నడిపే కర్ర చేతికి వచ్చాక ఎదుటివాళ్లవే వినిపించసాగాయి.

మొన్న గురువారం ఖాళీగా ఉన్న క్లారినెట్ స్థానానికి ఎంపిక జరిగింది. ముఖం చూసి ఎవరూ మొగ్గు చూపకుండా అభ్యర్థిని తెర వెనుక కూర్చోబెట్టడం, పేరుకు బదులు నంబరుతో పిలవడం పరమేశ్వర్ స్వయంగా తెచ్చిన పద్ధతి. నాలుగో నంబరు వాయించడం మొదలుపెట్టగానే పక్కనున్న ఇద్దరు న్యాయనిర్ణేతలూ తలలెత్తారు. నాదం నిండుగా ఉంది, ఊపిరి నిలకడగా ఉంది. కాని ప్రతి దీర్ఘస్వరమూ కింది నుంచి జారుతూ పైకి వస్తోంది. ఊరేగింపులో డప్పుల మోతను దాటి వినబడాలని బ్యాండు మేళం వాళ్లు తీసే జారుడు అది. పరమేశ్వర్ చెవిలో సూదిలా దిగింది.

"పెళ్లికొడుకు గుర్రం దిగిండా, ఇంక లేదా?" అన్నాడు, గట్టిగానే.

ఇద్దరూ పకపకా నవ్వారు. తెర వెనుక వాద్యం స్వరం మధ్యలో ఆగిపోయింది. పరమేశ్వర్ కాగితం మీద నాలుగో నంబరుకు అడ్డగీత గీశాడు.

సాయంత్రం పేర్ల జాబితా విప్పితే నాలుగో నంబరు ఎదుట ఉన్నది: కృపారాణి, తండ్రి ఎల్లస్వామి, ఇబ్రహీంపట్నం.

ఎల్లస్వామి బ్యాండు మాస్టర్. పదకొండేళ్ల పరమేశ్వర్ పెదవుల మధ్య మొదటిసారి క్లారినెట్ పెట్టినవాడు. ఆ జారుడు నేర్పినవాడూ ఆయనే. పత్రికలవాళ్లు అడిగినప్పుడల్లా పరమేశ్వర్ తన సంగీతపు కథను చెన్నైలో చదివిన రోజులతోనే మొదలుపెట్టేవాడు.

ఆదివారం ఇబ్రహీంపట్నానికి కారు తీశాడు. దారిలో బొంగులూరు దగ్గర రెండుసార్లు ఆపి, రెండుసార్లూ వెనక్కి తిప్పబోయాడు. తన నోటితో తాను చెప్పకపోతే ఆ ఇంటి గడప ఇక ఎన్నటికీ తొక్కలేనని మాత్రం అతనికి తెలుసు.

"అరె, పరమేశా! మా ఇంటి తొవ్వ యాదికున్నదా?" ఎల్లస్వామి మంచం మీంచి లేచాడు. ముందుపళ్లు ఊడిపోయాయి, ఆయన వాద్యం మానేసి నాలుగేళ్లయింది. "పిల్ల వచ్చింది గదా మీ తాన. దానికంటె మంచిగ ఇంకొకడు ఊదిండంట, అదే చెప్పింది. నువ్వేం ఫికర్ చెయ్యకు. తెర అవతల ఎవరున్నరో నీకెట్ల తెలుస్తది?"

కృపారాణి చాయ్ తెచ్చింది. శేరిగూడ కాలేజీ ఆఫీసులో పని చేస్తూ, పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట సాధన చేసే మనిషి. తలెత్తి అతణ్ణి చూడలేదు. నవ్వు సంగతి ఆమె తండ్రికి చెప్పలేదన్నమాట. ఆమె కాపాడింది పరమేశ్వర్‌ను కాదు, ముసలాయన మనసును. అది అర్థమయ్యాక అతను గ్లాసు కింద పెట్టేశాడు.

"అట్ల కాదు మాస్టర్. అందరికంటె పిల్లనే మంచిగ ఊదింది. జారుడు ఇని నేనే ఎక్కిరిచ్చిన. పెళ్లి మేళమా అన్నట్టు మాట్లాడిన. అందరు నవ్విన్రు. పిల్ల ఇన్నది."

ఎల్లస్వామి కూతురి వైపు చూశాడు. ఆమె కొంగు అంచు సర్దుకుంది.

"ఆ జారుడు నీ నోట్లకెల్లి పోనీకి ఎన్నేండ్లు పట్టింది?" అని పరమేశ్వర్‌ను అడిగాడు.

"ఏడు."

"అప్పుడు నిన్ను జూసి ఎవడన్న నవ్విండా?"

"నవ్విండు."

"ఏడ్చినవా?"

"అవ్."

"మరి యాదికుండాలె గదర." ఎల్లస్వామి చాయ్ అందుకుని, ఊది చల్లార్చుకుంటూ కూర్చున్నాడు.

తిట్టినా బాగుండేది. పరమేశ్వర్ కృపారాణి వైపు తిరిగాడు. "ఆ ఇద్దరికి ఇదే మాట చెప్పి, గీసిన గీత కొట్టేస్త. బుధవారం మల్ల రా అమ్మా."

"తెర ఉంటదా సార్?"

"ఉంటది."

"తీసెయ్యున్రి. నవ్వేటోళ్ల మొఖాలు నాకు గూడ కనవడాలె."

పరమేశ్వర్ తలూపాడు. గురువారం దాకా ఆమె అతణ్ణి అన్నా అని పిలిచేది, సార్ అని కాదు.