ఇరవై ఐదు డిగ్రీల జాడీ

ఫ్రిజ్ అన్నాక చల్లగా ఉండాలట. మా బావగారు వైకుంఠం ఈ ముక్క ఎన్నిసార్లు అన్నారో చెప్పలేను. నాకు తెలియదా ఏమిటి? కానీ నాకు కావాల్సింది చల్లదనం కాదు. ఎండ మండినా, చలి కొరికినా ఇరవై ఐదు డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడే చోటు. అది నాకోసం కూడా కాదు, నా జాడీకి.

మాది గౌలిపురలో మూలికల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఇంటి వెనక రేకుల గది. నేను ఈ ఇంటి చిన్న కోడలిని, పేరు వాసవాంబ. మా ఆయన పోయి ఆరేళ్లు. దుకాణంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయేది ద్రాక్షారిష్టం. దాన్ని ముప్పై ఎనిమిదేళ్లుగా నేనే తయారుచేస్తున్నాను. ఎండుద్రాక్ష కషాయం కాచి, చల్లార్చి, బెల్లం కరిగించి, పులియడానికి ధాతకీ పువ్వు వేసి, దాల్చినచెక్క, యాలకులు, పిప్పళ్లు దంచి కలిపి జాడీకెత్తితే నలభై రోజులు పులుస్తుంది. దగ్గుకు, అజీర్తికి, నీరసానికి జనం పట్టుకుపోతారు.

చేసేది నేను. సీసా మీద ఫొటో మాత్రం బావగారిది! అంతకుముందు మా మామగారి ఫొటో ఉండేది. జనం కౌంటర్ దగ్గరికొచ్చి "వైకుంఠం అరిష్టం ఒకటియ్యిండ్రి" అంటారు. వైకుంఠంగారు ఒక్కనాడు ఒక్క ఎండుద్రాక్ష తొడిమ తుంచిన పాపాన పోలేదు. ఆయన చేసేదల్లా భోజనమయ్యాక రెండు చెంచాలు తాగి మీసం తుడుచుకోవడం. పైగా నన్ను పేరు పెట్టి కూడా పిలవరు. "చిన్నోడి పెండ్లాం" అంటారు. చిన్నోడు పోయాక కూడా అదే పిలుపు.

ఈ పని నాకు నేర్పింది మా అత్త. జాడీ మూతికి పల్చటి గుడ్డ కట్టి, వడ్ల గుమ్మిలో మెడ దాకా పాతిపెట్టించేది. వడ్ల మధ్యలో ఉన్న జాడీకి బయటి ఎండా తెలియదు, చలీ తెలియదు. పులుస్తోందో లేదో తెలుసుకోవడానికి అగ్గిపుల్ల గీసి జాడీ మూతిలో పట్టమనేది. పుల్ల ఆరిపోతే లోపల ఇంకా పని జరుగుతున్నట్టు. పుల్ల వెలుగుతూ ఉంటే పని ఆగిపోయినట్టు.

ఇప్పుడు వడ్లూ లేవు, గుమ్మీ లేదు. గుమ్మి ఉండే గోదామును సెల్‌ఫోన్ కవర్ల వాళ్లకు కిరాయికిచ్చారు. నా జాడీ రేకుల గదిలోకి వచ్చింది. ఆ గదిలో చైత్రమాసపు మధ్యాహ్నం మనిషి నిలబడితే మాడిపోతాడు, జాడీ ఎంత? వరుసగా రెండు ఎండాకాలాలు నా అరిష్టం ముక్కుపుటాలు అదిరేంత పులిసి పాడైంది. రెండుసార్లూ నా చేత్తోనే మురుగు పోయే మోరీలో పోశాను. రెండోసారి ఏడ్చాను కూడా, దాచుకోవడమెందుకు.

ఈ ఏడు జాడీ నింపగానే బావగారు తేల్చి చెప్పారు. "ఈ ఒక్కసారే. ఈ జాడీ గూడ ఖరాబైతే బంద్. కంపెనీ నుంచి డబ్బాలల్ల తెప్పించి మన సీసాలల్ల పోస్త. నీ గది డబ్బాలకు పనికొస్తది."

అంటే ఆ జాడీతోపాటు నా పని కూడా పోయినట్టే. అత్త చేతి నుంచి నా చేతికొచ్చింది నా దగ్గరే ఆగిపోయినట్టే. మనం ఊరుకుంటామా?

డాబా మీద పాత బట్టలు కుక్కి పడేసిన ఫ్రిజ్ ఒకటుంది. దాన్ని కిందికి దింపించి, చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దగ్గర పాత ఫ్రిజ్‌లు బాగుచేసే అంజన్‌కు కబురు పెట్టాను. వచ్చాడు, తలుపు తీశాడు, వెనక్కి వంగి చూశాడు.

"మిషిన్ మంచిగనే ఉన్నదమ్మా. కూలింగ్ అయితలేదా?"

"అయితది. గంత కూలింగ్ నాకొద్దు."

"మరెంత గావాలె?"

"ఇరవై ఐదు."

అంజన్ చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. నన్ను చూశాడు, మూలనున్న జాడీని చూశాడు, గాలి ఒకసారి పీల్చి నవ్వాడు.

"బీరా అమ్మా, వైనా?"

"నోర్ముయ్. ద్రాక్షారిష్టం."

"పేరేదైతేందమ్మా, పులిసేది ఒక్క తీరే గదా! ఏం ఫికర్ జెయ్యకు. ఇండ్లల్ల బీరు జేసుకునే ఐటీ పోరగాళ్లకు గిట్లాంటివి పదిదాంక కట్టిచ్చిన. ఆళ్లు పద్దెనిమిది అంటరు, నువ్వు ఇరవై ఐదు అంటున్నవ్. గంతే ఫరక్."

అరచేయంత డబ్బా ఒకటి ఫ్రిజ్ పక్కన బిగించాడు. దాని మీద ఎర్రటి అంకెలు వెలుగుతాయి. ఫ్రిజ్ ప్లగ్గు ఆ డబ్బాలో, డబ్బా ప్లగ్గు గోడకు. డబ్బా నుంచి ఒక సన్నటి వైరు లోపలికి పోతుంది. దాని కొసను జాడీ పొట్టకు ఆనించి, పైన స్పాంజి ముక్క పెట్టి టేపు చుట్టాడు. లోపల ఒక మూల చిన్న బల్బు కూడా పెట్టాడు.

"ఈ వైరు జాడీకే అంటుకొని ఉండాలె, గాలిల ఏలాడొద్దు. పులిసేటప్పుడు దాని ఒళ్లు అదే కాలుతది. జాడీ వేడెక్కితె డబ్బా ఫ్రిజ్‌ను నడిపిస్తది, సల్లబడితె బల్బు ఎలిగిస్తది. ఒక్కటి యాదికుంచుకో అమ్మా. మస్తు వేడైతె ఖరాబైతది. సల్లబడితె సావదు. పండుకుంటది. లేపితె మల్ల లేస్తది."

మూడోనాడు ఫ్రిజ్ తలుపు తీసి జాడీకి చెవి ఆనించాను. లోపల సన్నగా చిటపటమంటోంది. అగ్గిపుల్ల గీసి మూతిలో పట్టగానే ఠక్కున ఆరిపోయింది. నవ్వొచ్చింది. బయట నలభై రెండు డిగ్రీలు, డబ్బా మీద ఇరవై ఐదు! మా అత్త బతికుంటే ఆ ఫ్రిజ్‌కు పసుపు కుంకుమ పెట్టేది.

బావగారికి మాత్రం ఒళ్లు మండింది. వాకిట్లో నిలబడి మొదలుపెట్టారు.

"ఇంట్ల పూజగది ఉన్నది. ఫ్రిజ్‌ల పెట్టి పులియబెడుతున్నవ్, ఆ మెకానిక్ బీరు అంటుండు, అందరు నవ్వుతున్నరు. ఇది ఇల్లనుకున్నవా, కల్లు కంపౌండ్ అనుకున్నవా?"

ఇన్నేళ్లూ ఆయన గొంతు లేవగానే కొంగు సర్దుకుని లోపలికి పోయేదాన్ని. ఆ రోజు పోలేదు.

"గుమ్మిల ఉన్నన్ని దినాలు ఔషధమే గదా బావా? ఫ్రిజ్‌ల పెట్టంగనే కల్లయిందా? మీ ఫొటో అతికిస్తె ఔషధం, నా గదిల ఉంటె కల్లు. మంచిగున్నది న్యాయం!"

"చిన్నోడు పోయినంక నోరు లేచింది నీకు."

"నోరు ముందు నుంచే ఉన్నది. నేనే తెరవలే."

బావగారి కోడలు రశ్మి వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బావగారు చెప్పులు టపటపలాడించుకుంటూ దుకాణంలోకి వెళ్లిపోయారు. నేను అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

పధ్నాలుగో రోజున బహదూర్‌పురాలో మా చెల్లెలి ఇంట్లో సత్యనారాయణ వ్రతం. రెండు రోజులు ఉండి, మూడోరోజు పొద్దున తిరిగొచ్చాను. వచ్చేసరికి నా గది తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల బావగారు, పక్కన శారదమ్మ. శారదమ్మది మా వెనక గల్లీలో పాలు, పెరుగు అమ్మే ఇల్లు. ఏటా దగ్గుకు నా అరిష్టమే తాగుతుంది.

"సమయానికి వచ్చినవ్" అన్నారు బావగారు. "శారదమ్మ అరిష్టం అడగనీకి వచ్చింది. నువ్వే సూపెట్టు ఈమెకు, నీ ఫ్రిజ్ కథ."

ఆయనే అగ్గిపుల్ల గీసి జాడీ మూతిలో పట్టారు. పుల్ల ఆరలేదు. వేలు కాలే దాకా నిదానంగా వెలిగింది. ఇంకొకటి గీశారు. అదీ వెలిగింది.

"సచ్చింది. పదహారు దినాలకే సచ్చింది. నలభై దినాలు నడవాల్సినది. ఇగ లొల్లి లేదు, రేపే డబ్బాలు తెప్పిస్త."

చెవి ఆనించాను. చప్పుడు లేదు. మూడోసారి కూడా పోయిందనుకున్నాను. మోరీ దగ్గర కూర్చుని జాడీ వంచడం కళ్ల ముందు కదిలింది.

శారదమ్మ మాత్రం ఊరికే నిలబడలేదు. ముందుకొచ్చి, పాలగిన్నె పట్టుకున్నట్టు జాడీ పొట్టకు రెండు చేతులూ ఆనించింది. వెంటనే వెనక్కి తీసుకుంది.

"ఓ వాసవక్కా! ఇదేంది, మంచుగడ్డ లెక్క ఉన్నది. ఇంత సల్లగుంటె నా పెరుగే తోడుకోదు, నీ అరిష్టం ఎట్ల పులుస్తది?"

అప్పుడు చూశాను. డబ్బా మీద ఎర్ర అంకెలు లేవు. ఫ్రిజ్ ప్లగ్గు నేరుగా గోడకుంది. సన్నటి వైరు జాడీ నుంచి ఊడి గాలిలో వేలాడుతోంది. ఫ్రిజ్ లోపలి బటన్ చివరి దాకా తిప్పి ఉంది.

"ఎవరు జేసిన్రు ఇది?"

"ఫ్రిజ్ అన్నంక సల్లగుండాలె" అన్నారు బావగారు గోడకేసి చూస్తూ. "ఎవరో మంచికే పెట్టి ఉంటరు."

"నేనే పెట్టిన చిన్నత్తమ్మా."

రశ్మి గుమ్మంలో ఉంది. కళ్లు దించలేదు. "మామయ్య పెట్టమన్నరు. వైరు పీకమన్నది గూడ మామయ్యనే. మీరు పోయిన నాడే. నాకు తప్పనిపించింది, గని ఎదురు చెప్పలే. ఇప్పుడు చెప్తున్న."

అబ్బ! ఆ క్షణంలో బావగారి మొహం చూడాల్సింది. వైకుంఠంగారి మీసం మొదటిసారి కిందికి వాలింది.

నాకు అంజన్ మాట గుర్తొచ్చింది. చల్లబడితే చావదు, పడుకుంటుంది.

"బావా, రేపు ఇదే టైముకు రాండ్రి. అగ్గిపెట్టె మీరే తెచ్చుకోండ్రి. శారదమ్మా, నువ్వు గూడ రావాలె."

"రాకుంటె ఎట్ల? ఈ తమాషా నేను ఇడుస్తనా!" అంది శారదమ్మ.

రశ్మి, నేను ఇద్దరం జాడీని బయటికి లాగి నీడన పెట్టాం. ఒకేసారి వేడి తగలకూడదని శారదమ్మ చెప్పింది. గోనెసంచి చుట్టి గంటగంటకూ చెయ్యి పెట్టి చూశాం. ఒంటి చలి విరిగాక మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి, వైరు అతికించి, డబ్బా ఆన్ చేశాం. టేపు రశ్మే చుట్టింది. మర్నాడు పొద్దున దాకా చప్పుడు లేదు. నేను మెతుకు ముట్టలేదు. పదింటికి రశ్మి చెవి ఆనించి ఒక్క అరుపు అరిచింది. "అత్తమ్మా, మాట్లాడుతున్నది!"

బావగారు వచ్చారు. రాకపోతే ఓడిపోయినట్టని వచ్చారు. పుల్ల గీసి జాడీ మూతిలో పట్టారు. ఆరిపోయింది. రెండోది ఆరిపోయింది. గాలికి ఆరిందని తలుపు మూయించి మూడోది గీశారు. అదీ ఆరిపోయింది. శారదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇంకెన్ని పుల్లలున్నయి బావా?" అన్నాను.

ఆయన అగ్గిపెట్టె జేబులో వేసుకున్నారు. "సరే తియ్. నలభై దినాలయినంక సీసాలు పంపిస్త. లేబుళ్లు కౌంటర్ల ఉన్నయి."

"మీ సీసాలొద్దు. మీ లేబుళ్లు అసలే వద్దు. మీ డబ్బాల సరుకుకు అతికించుకోండ్రి. ఇది నా గదిల నుంచి నా పేరు మీదనే పోతది."

"ఇంటి పేరు ఉండంగ నీ పేరేంది?"

"పుల్లలు ఆరిపోయినయి గదా బావా, ఇంకేం కావాలె?"

నలభై ఒకటో రోజున వడకట్టాం. దీపం ముందు పట్టి చూస్తే నేరేడుపండు రంగు. రశ్మి కాగితాలు కత్తిరించి గుండ్రటి అక్షరాలతో రాసింది: వాసవాంబ అరిష్టం. మొదటి సీసా శారదమ్మది. ఆమె అక్కడే మూత తీసి ఒక చెంచా తాగి, కళ్లు మూసుకుని, "ఇగ దగ్గు రమ్మను, చూస్త" అంది.

దుకాణంలోకి కంపెనీ డబ్బాలు కూడా దిగాయి. బావగారు పట్టుదలగా వాటిని తన ఫొటో సీసాల్లో పోయించారు. రెండు రోజులు భోజనమయ్యాక అందులోంచే తాగారు. మూడోరోజు మధ్యాహ్నం భోజనం ముగిసింది. నేను గదిలో సీసాలు తుడుస్తున్నాను. గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. ఆయన చేతిలో చిన్న స్టీలు గ్లాసు.

"ఏం గావాలె బావా?"

"అదే... రెండు చెంచాలు."

"ఏంది రెండు చెంచాలు?"

"అరిష్టం."

"కౌంటర్ల ఉన్నది గదా."

"అది... తీపి నీళ్లు."

"గట్లనా. మరి ఏ అరిష్టం గావాలె? కౌంటర్ కాడ అందరు పేరు జెప్పే అడుగుతరు గదా బావా."

రశ్మి బట్టలు ఆరేయడం ఆపి ఇటే చూస్తోంది. ఆయన గ్లాసు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నారు. కళ్లద్దాలు సర్దుకుని సీసా మీది కాగితాన్ని చూశారు. చాలాసేపే చూశారు. నేను కదల్లేదు.

"వాసవాంబ అరిష్టం" అన్నారు.

ముప్పై ఎనిమిదేళ్లలో ఆయన నోట నా పేరు రావడం అదే మొదలు. మూత తీసి రెండు చెంచాలు కొలిచి పోశాను. మూడో చెంచా పోయలేదు.