మేమే అన్న గొంతు

రెండు రాజ్యాల సరిహద్దులో, ఇటు లోయా అటు లోయా కనిపించే ఆ కొండ మీద ఇప్పుడు మిగిలింది సగం బురుజు, కప్పులేని నాలుగు గదులు, గాలి. ఆ కోట కొన్నాళ్లు ఇటువాళ్లది, కొన్నాళ్లు అటువాళ్లది. చేతులు మారినప్పుడల్లా గోడ ఒక వరస ఎత్తు పెరిగింది. రాళ్ల రంగులు చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది. అటైనా ఇటైనా భాష ఒక్కటే, కట్టే బట్ట ఒక్కటే. మంచులో ఎదురైన మనిషి ఏ రాజు బంటో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. సంకేతంగా ఏ మాట పెట్టుకున్నా వారం తిరక్కుండా అవతలివాళ్ల చెవిన పడేది.

చివరికి కోటవాళ్లకు ఒక చిత్రమైన అలవాటు పాతుకుపోయింది. తలుపు కొట్టినవాణ్ణి "ఎవరు?" అంటే లోకంలో ఎవడైనా "మేమే" అంటాడు. కోట మనిషి మాత్రం "మనమే" అనాలి. లోపలున్నవాణ్ణి కూడా కలుపుకోవాలన్నమాట. పిల్లలు తిట్లు తిని నేర్చుకునేవారు. అదొక సంకేతమన్న అనుమానం బయటివాళ్లకు ఏనాడూ రాలేదు.

ఆ రోజుల్లో ద్వారం కాసే కుర్రవాణ్ణి అందరూ గడియ అని పిలిచేవారు. తల్లి పోయాక అక్కే పెంచింది. బావ సరిహద్దు దాటి వేగు చూసొచ్చే దళానికి పెద్ద. ఎప్పుడొచ్చినా ఎగతాళితోనే లోపల అడుగుపెట్టేవాడు: "గడియ తియ్యడానికి నీకో గడియ పడుతుందిరా!"

ఈసారి రావలసిన రోజు దాటిపోయింది. తెల్లారినా మంచు విడవలేదు. ద్వారం లోపలివైపు గడియ, తలుపు అడ్డదూలానికి ఆముదం రాస్తున్నాడు. అక్క కుంపటి మీద గిన్నె పెట్టి, మూత తీస్తూ, మళ్లీ పెడుతూ కూర్చుంది.

తలుపు మీద దెబ్బ పడింది.

"ఎవరు?"

"మేమేరా, గడియా."

బావ గొంతే. అక్క లేచిన విసురుకి కుంపటి ఒరిగింది. గడియ దూలాన్ని సగం జరిపేశాక గానీ విన్న మాట బుర్రకెక్కలేదు. చెయ్యి ఆగిపోయింది.

"ఏంట్రా నిలబడ్డావు? తియ్యి!"

"అక్కా, మేమే అన్నాడు."

"అలసిపోయుంటారురా. నోరు జారుంటుంది. నీకు పుణ్యముంటుంది, తియ్యి."

అదే నిజం కావచ్చు. నోరు జారినందుకు బావని మంచులో నిలబెడితే, తరుముకొచ్చేవాళ్లకి చేజేతులా అప్పగించినట్టే. కావాలనే అన్నాడంటే మాత్రం, వెనక శత్రువులున్నట్టే; ఈ తలుపు తీసిన మరుక్షణం గోడ లోపల ఒక్క ప్రాణం మిగలదు.

"ఎవరు బావా?" మళ్లీ అడిగాడు.

"చెవుడొచ్చిందేంట్రా? మేమే. ఈ జన్మకి నీకు గడియ తియ్యడం రాదు."

నలుగురిని వెంటేసుకుని వెళ్లిన మనిషి. ఆ నలుగురిలో ఒక్కడు దగ్గిన చప్పుడు కూడా వినపడలేదు.

అక్క తలుపు చెక్కకి చెంప ఆనించింది. "ఏవండీ, ఆకలేస్తోందా?"



"నువ్వూ అక్కడే ఉన్నావా?" గొంతులో ఎగతాళి పోయింది. "వండావా?"

"వండాను. వేడిగా ఉంది."

"అయితే మీరు తినేయండి."

అక్క దూలం మీద చెయ్యి వేసింది. తీసేస్తుందనుకున్నాడు గడియ. ఆమె బలంకొద్దీ దాన్ని మళ్లీ తలుపుకు అడ్డంగా, అవతలి గోడ కన్నంలోకి తోసింది. టక్కుమని పడింది. ఆ చప్పుడు బయటికి వినపడే ఉంటుంది. విని ఆయన ఊపిరి పీల్చుకునే ఉంటాడనుకోవడమొక్కటే వాళ్లకు దొరికిన ఊరట.

గడియ బురుజెక్కి గంట కొట్టాడు. గంట హోరులో కింద ఏం జరిగిందో వినపడలేదు.

ఎండెక్కి మంచు విడిచాక చూస్తే, వాలు పొడుగునా వదిలేసిన నిచ్చెనలు. తలుపు తెరుచుకోక, గంటకి కోటంతా మేల్కొందని తెలిసి, వచ్చినవాళ్లు గుంపులుగా లోయలోకి దిగిపోతున్నారు. దారి పక్కన బావ పడి ఉన్నాడు. మొహం మీద కంబళి కప్పి ఉంది. అది ఆయనది కాదు. దిగిపోయేవాళ్లలో ఎవడో, అంత చలిలో, తన భుజం మీది నుంచి తీసి కప్పి పోయాడు.

అక్క ఆ కంబళి ఉతికి, సొంతదారుడికి కనపడేలా శత్రువుల లోయ వైపు గోడ మీద ఆరేసింది. ఎవరూ రాలేదు. వానొచ్చిన ప్రతిసారీ ఆమె వెళ్లి దాన్ని లోపలికి తెచ్చేది.