ఊదిన గీత

పెద్దక్క మాస్కు గడ్డం కిందికి లాక్కుని, అటూ ఇటూ చూసి, తన ట్రే మీదికి వంగి మెల్లగా ఊదింది. ట్రే మూతకి అతికించిన అగ్గిపెట్టెంత డబ్బా మిణుక్కుమంది. గోడమీది తెరలో ఆమె గీత ఒక్క గంతు వేసి పైకెళ్ళింది. మళ్ళీ ఊదబోయింది కానీ దగ్గు తన్నుకొచ్చింది. మోచేతిలో ముఖం దాచుకుని దగ్గి, మాస్కు సర్దుకుని, ఏమీ ఎరగనట్టు జల్లెడ అందుకుంది.

ఆ షెడ్డులో బూజు పెంచుతారు. నవ్వాల్సిన పని లేదు, కొనేవాళ్ళున్నారు. రంపపు పొట్టు జల్లించి, ఉడకబెట్టి, ఆరబెట్టి, పుట్టగొడుగు బూజు పట్టించిన గింజలు అందులో కలుపుతారు. ఆ గింజల్ని అక్కడ అందరూ తోడు అనే అంటారు. కంప్యూటరు గీసి, మిషను పోసిన అచ్చుల్లో దాన్ని నొక్కితే, తోడు పొట్టును తింటూ తెల్లటి మెత్తటి తోలులా అల్లుకుపోతుంది. ఎండబెడితే దీపపు గొడుగు, గోడ పలక, ఏది కావాలంటే అది. పారేస్తే మట్టిలో కలిసిపోతుందట. భూమికి బరువే ఉండదట. పొట్టు జల్లించేవాళ్ళ ఛాతీలో చేరిన దుమ్ము ఎందులో కలుస్తుందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈసారి ఓ పెద్ద హాలుకి గోడ చేస్తున్నారు. బూజుకీ మనలాగే ఊపిరి ఉంటుందని డిజైనరమ్మ చెప్పింది. దాన్ని డబ్బా కొలుస్తుంది, తెర గీతగా గీస్తుంది, ఆ గీత వంపే నడిమి పలక మీద గట్టులా లేస్తుంది. నడిమి పలక ఒక్కటే. దాని కింద పెంచిన మనిషి పేరు చెక్కుతారు. ఎవరి గీత పైనుంటే వాళ్ళది. పెద్దక్కదా, చిన్నక్కదా, సాయంత్రానికి తేలుతుంది.

చిన్నక్క ఆమె తోడికోడలు. మంటంతా అక్కడే.

చిన్నది కాపురానికొచ్చిన కొత్తలోనే అత్త తల దువ్వడానికి దాన్ని పిలిచింది. పెద్దక్క దువ్వితే జుట్టు పీకినట్టుంటుందట. పెద్దక్క నీళ్ళు పోసి పెంచిన మొక్క మాడిపోయేది, చిన్నది తుంచి పారేసిన కాడ చిగురేసేది. 'దాని చేతి చలవ' అనేవాడు పెద్దక్క మొగుడు, కట్టుకున్నదాని ముందే. పోనీ, ఈ పనిలోకి దాన్ని తెచ్చిందెవరు? కర్రల మిల్లులో ఏళ్ళ తరబడి పొట్టు మింగి, అది మూతపడితే ఇక్కడ చేరి, తోడికోడలిని చెయ్యిపట్టి తెచ్చి పని నేర్పింది తనే. నేర్చుకున్న మనిషి మూలన పడుందా? లేదు. దాని గీత ఎప్పుడూ ఒక వేలెడు పైనే.

ఇప్పుడు కూడా చూడు, పిల్లకి దుప్పటి సర్దినట్టు బొటనవేలితో అచ్చు అంచులు నొక్కుతోంది. పైగా కూనిరాగం.

"అక్కా, ఈ గింజలూ తోడే, నేనూ తోడికోడలినే. ఎటు తిరిగినా నీకు తోడే" అని చిన్నక్క పకపకా నవ్వింది.

"గింజలు నయం. నోరు మూసుకుని పడుంటాయి."

"పొద్దుట్నుంచీ ఏంటక్కా ఆ ముఖం? పొట్టు అనుకుని కారం జల్లించావా?"

"నా ముఖం నా ఇష్టం. నీ గీత చూసుకో, కిందపడగలదు."

చిన్నక్క నీళ్ళ కోసం వెళ్ళగానే పెద్దక్క మళ్ళీ వంగింది. ఊదింది. ఉన్న ఊపిరే అంతంత మాత్రం, అందులోంచే ఊడ్చి ఊడ్చి ఊదింది.

సాయంత్రం డిజైనరమ్మ తెర ముందు నిలబడి కళ్ళు చిట్లించింది.

"పెద్దక్కా, నీ గీత ఉండుండి ఎగిరిపడుతోంది. బూజు ఇలా ఊపిరి తియ్యదు. మనిషి నోరు దగ్గర పెడితేనే ఇలా వస్తుంది. ఎవరు వంగారు? నోటి ఆవిరి తగిలితే పచ్చబూజు పట్టి అంతా పాడవుతుందని, మాస్కు తీసినవాళ్ళ పని గోడలోకి రాదని చెప్పానా లేదా?"

పెద్దక్క మాస్కు ముక్కు మీదికి ఇంకాస్త లాక్కుంది.

"నేనేనమ్మా" అంది చిన్నక్క. "నీళ్ళు చల్లుతూ అక్క ట్రే మీదికి వంగాను. ఉక్కగా ఉందని మాస్కు దింపాను. బుద్ధి గడ్డి తింది."

"ఏంటి చిన్నక్కా, నువ్వా! అయితే నీ ట్రే పక్కన పెట్టెయ్. పెద్దక్క ట్రేకి పచ్చబూజు ఇంకా పట్టలేదు, గీతలో ఈ గంతులన్నీ చెరిపేసి నడిమి పలకకి వాడదాం."

పెద్దక్క గెలిచింది. అందరూ చూస్తుండగా గెలిచింది. ఒళ్ళు ఇంకా భగ్గుమంది. ఆఖరికి మంచితనంలో కూడా అదే ఒక వేలెడు పైన!

వెనక పొట్టు బస్తాల దగ్గరికి పోయి కూలబడింది. వెనకే చిన్నక్క టీ గ్లాసుతో వచ్చింది.

"ఎవరు చెప్పమన్నారే నిన్ను?" అంది పెద్దక్క.

"ఎవరూ చెప్పమనలేదు. నువ్వు ఊదడం, దగ్గడం, మళ్ళీ ఊదడం. చూడలేక చచ్చాననుకో. పేరు నీదే పడితే ఇంక మానతావు కదా."

"నీ బిచ్చం నాకేం అక్కర్లేదు."

"సరేలే, తిట్టడానికైనా ఓపిక కావాలిగా. టీ తాగు."

"నాకొద్దు. నీ చేత్తో ఇచ్చింది అసలే వద్దు."

చిన్నక్క గ్లాసు పక్క బస్తా మీద పెట్టి, దుమ్ము పడకుండా సాసరు బోర్లించి, ఎండబెట్టే పొయ్యిలో పలకలు పేర్చడానికి వెళ్ళిపోయింది.

పని ముగించుకుని వచ్చేసరికి పెద్దక్క బస్తాలకి ఆనుకుని ఉంది. మాస్కు గడ్డం కింద ఉంది. కళ్ళు అరమోడ్పుగా ఉన్నాయి.

"అక్కా, లే. అలక ఇంటికెళ్ళాక పడుదువు గాని" అని చిన్నక్క భుజం తట్టింది. తల మెల్లగా ఒక పక్కకి వాలింది. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగల్లేదు.

చిన్నక్క అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయి, ఆ గరుకు చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుంది. వచ్చినవాళ్ళు వచ్చారు, ఎత్తినవాళ్ళు ఎత్తారు. డిజైనరమ్మ ఎవరికో ఫోను చేస్తూ ఏడ్చేసింది. చిన్నక్క చెయ్యి వదలకుండానే వాళ్ళ వెంట నడిచింది.

షెడ్డు ఖాళీ అయ్యింది. బస్తా మీద గ్లాసు అలాగే ఉంది. సాసరు మళ్ళీ జాగ్రత్తగా బోర్లించి ఉంది, దాని కింద సరిగ్గా సగం టీ, పలచగా మీగడ కట్టి.