పసుపు పూసిన మీట

నేను ఒక మీటను. వీణ మీటే రకం కాదు లెండి, తుపాకీ మీటను. రైఫిల్ పక్కన వేలెడంత ఉంటాను. నన్ను పైకి తోస్తే తుపాకీ నోరు మూసుకుంటుంది. మధ్యలో పెడితే నొక్కినప్పుడల్లా ఒక్కో తూటా. కిందికి దించితే ఇక తూట్లే తూట్లు. మనిషి కోపానికి కొలత పెట్టడం నా ఉద్యోగం.

పుట్టింది ఆయుధ కర్మాగారంలో కాదు. ఊరి చివర రేకుల షెడ్డులో, కుక్కరు పిడులకు తోబుట్టువుగా. నన్ను చేసినవాడు తుపాకీని సినిమాల్లోనే చూశాడు. అసలు మీట ఫొటో చూసి నన్ను దించాడు. పైరూపం అచ్చుగుద్దినట్టు దిగింది. లోపలి గాడి ఫొటోలో పడలేదు. పెళ్లిచూపులకూ ఇదే పద్ధతట కదా!

జిల్లా పోలీసు ఆయుధాగారంలో ఒక రైఫిల్‌కు మీట వదులైంది. అసలుది పైనుంచి రావాలి. పైనుంచి ఈ దేశంలో వచ్చేది వానొక్కటే, అదీ ఈమధ్య రావడం లేదు. దసరా ఆయుధపూజకేమో ఎస్పీగారొస్తున్నారు. రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ చక్రధరంగారు బజారులో నన్ను కొనేశారు. ఆయుధాలు చూసే హెడ్ కానిస్టేబుల్ పోలయ్య నన్ను బిగించి, టక్కుమనిపించి మురిసిపోయాడు. పేల్చి చూడటం తెల్లారాక అనుకున్నాడు.

తెల్లారేసరికి రైఫిల్‌తో సహా పీటెక్కి కూర్చున్నాను. పసుపు, కుంకుమ, బంతిపూలు.

"సార్, దానికింకా టెస్టు కాలేదు..."

"పూజలో పెట్టినదాన్ని కదిలిస్తావా? బుద్ధుందా నీకు? హారతయ్యాక ఎటూ గాల్లోకి ఒక రౌండు పేలుస్తాంగా. అదే టెస్టనుకో" అని కసిరారు చక్రధరంగారు.

పోలయ్య లెంపలేసుకున్నాడు. మీట పీటెక్కితే నోటికి మూతే.

ఆ రౌండు పేల్చే గౌరవం కానిస్టేబుల్ భూలక్ష్మికి దక్కింది. నన్ను మధ్యలో, అంటే సింగిల్ మీద పెట్టి, గొట్టం ఆకాశానికెత్తి నొక్కింది. ఒకటి పోవాల్సిన చోట వరసగా పోయాయి. ఆ అదురుకు గొట్టం పక్కకు వాలింది. దిష్టి తీయడానికి గుమ్మడికాయ పట్టుకుని నిలబడ్డ హోంగార్డు ఖాసింపీరా మోకాలు పగిలింది. గుమ్మడికాయ చెక్కుచెదరలేదు.

"ఆడపిల్ల, భయపడి మీట కిందికి తోసేసుంటుంది" అన్నారు చక్రధరంగారు. భూలక్ష్మిని సస్పెండ్ చేశారు. ఆ మాట ఆమెకంటే ముందే ఆసుపత్రికి వెళ్లి ఖాసింపీరా మంచం పక్కన కూర్చుంది. రోజూ తనతో టీ తాగిన మనిషి, "సింగిల్ మీదే ఉందన్నా" అని ఆమె ఏడుస్తుంటే గోడవైపు తిరిగాడు. సస్పెండైనందుకు కాదు, ఆ వీపు చూసి కుంగిపోయింది పిల్ల.

విచారణకొచ్చిన డీఎస్పీగారు అందర్నీ ఫైరింగ్ రేంజికి పిలిచారు. ఖాసింపీరా ఊతకర్రల మీద వచ్చాడు. కాలు మోకాలి దాకానే వచ్చింది. పోలయ్య నన్ను సింగిల్ మీద పెట్టి, అందరికీ చూపించి నొక్కాడు. వరసగా పోయాయి. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే.

డీఎస్పీగారు నన్ను ఊడదీయించి, ఇంకో రైఫిల్‌ అసలు మీట పక్కన పెట్టారు. "చూశారా? బయటి గీత ఒకటంటోంది, లోపలి గాడి అన్నీ అంటోంది. ఆ అమ్మాయి తప్పేం లేదు."

"అంతా అమ్మవారి దయ" అన్నారు చక్రధరంగారు.

ఖాసింపీరా భూలక్ష్మి వైపు తిరిగాడు. "అయితే నీ వేలు కాదన్నమాట, చెల్లే."

"కాదన్నా. ఆరోజూ అదేగా చెప్పా."

అతను ఊతకర్ర సర్దుకున్నాడు. "ఇన్నాళ్లూ నిన్ను తిట్టుకుంటే కాస్త నిద్ర పట్టేది. ఇప్పుడెవర్ని తిట్టుకోవాల?"

చక్రధరంగారు బూట్లు చూసుకున్నారు. మిగతావాళ్లందరూ నన్ను చూశారు. నా గాడిలో ఆనాటి పసుపు ఇంకా అలాగే ఉంది. తుడవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పూజలో పెట్టినదాన్ని కదా!