మైల లేని మనిషి

రాంప్రసాద్‌ను దహనం చేసి వచ్చినవాళ్ళ తలలు ఇంకా ఆరకముందే ఆ రైల్వే క్వార్టర్‌లో భోజనాల మాట వచ్చింది. చావింట్లో ఆకలి వేయదని ఎవరన్నారో గానీ, వాళ్ళు చావింట్లో వండి ఉండరు. విజయనగరం నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో రైలు దిగిన చుట్టాలతో ఇల్లంతా నిండిపోయింది.

"మనకి పదిరోజులు మైల. పొయ్యి ముట్టుకోకూడదు," అన్నాడు పోయినవాడి చిన్నాన్న సూర్యం. "నర్సమ్మకి మైలేటి? మన రగతం కాదు కదా. పెరట్లో రేకుల కింద అదే వండుతాది."

అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఒక్క అప్పలనర్సమ్మకు తప్ప.

రాంప్రసాద్ తల్లి కనకమహాలక్ష్మి బిలాస్‌పూర్‌కు కాపురానికి వస్తూ పుట్టింటినుంచి పనికి తోడు తెచ్చుకున్న పిల్ల ఆమె. అప్పుడు లంగా కట్టే వయసు. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఈ ఇంట్లోనే జుట్టు నెరిసింది. బాలింత జ్వరంతో తల్లి మంచం పడితే రాంప్రసాద్‌కు పాలు పట్టింది, నీళ్ళు పోసింది, గోరుముద్దలు పెట్టింది. నిన్న రైలింజన్ల షెడ్డులో డ్యూటీ దిగి వచ్చి, ఛాతీ పట్టుకుని కూలబడినప్పుడు కూడా వాడు తల పెట్టింది ఈమె ఒళ్ళోనే. ఇప్పుడు ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ ఆడవాళ్ళ మధ్య చాపమీద కూర్చుని వాడికోసం ఏడవాలి. వాళ్ళేమో బియ్యం కొలిచి చేతిలో పెట్టారు.

రాంప్రసాద్ కూతురు ప్రత్యూష, కాలేజీ పిల్ల, వాచిన కళ్ళతో పెరట్లోకి వచ్చి ఆమె పక్కన కూలబడింది.

"సూర్యం తాతగారు అన్నది విన్నాను అప్పమ్మా. ఫ్యామిలీ అనే మాట ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుసా? లాటిన్‌లో ఇంటి నౌకర్లందరినీ కలిపి అలా అనేవారంట. అమ్మా, నాన్నా, పిల్లలు అన్న అర్థం బాద్ మే, చాలా తర్వాత వచ్చింది. సచ్ మే."

"అచ్ఛా! అయితే ముందు నేనేనేటి?"

"నువ్వే."

"మరి నా మైల ఏదే, తల్లీ?"

దానికి జవాబు లాటిన్‌లో ఉన్నా సూర్యానికి చెప్పగలిగేది కాదు.

అప్పలనర్సమ్మ బియ్యం పక్కన పెట్టి కుళాయి దగ్గరికి వెళ్ళింది. కొప్పు విప్పుకుని, కట్టుచీరతోనే బకెట్టు చన్నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుంది. కన్నకొడుకు పోయిన తల్లి పోసుకున్నట్టే పోసుకుంది. "నాన్నా, పెసాదూ" అని గొంతు చించుకుని ఏడ్చింది. లోపలి శోకాల్లో ఆ ఏడుపు ఎవరికీ వినిపించలేదు. తర్వాత తడిచీరతోనే వచ్చి పొయ్యి ముట్టించింది.

ప్రత్యూష నోరు తెరిచింది. "అప్పమ్మా, నువ్వు మైల పట్టావు. వంట మరి?"

"అవును, పట్టీసినాను. ఎల్లి సెప్పీ."

పిల్ల వెళ్ళలేదు. కత్తిపీట ముందుకు లాక్కుని వంకాయలు తరగడం మొదలుపెట్టింది.

చుట్టాలంతా వరసగా కూర్చుని తిన్నారు. నిష్ఠాపరులైతే మారు వడ్డించుకున్నారు కూడా. రాంప్రసాద్‌కు ఇష్టమైన చారు నీళ్ళలా పారింది. సూర్యం చారన్నం జుర్రి, తృప్తిగా తలెత్తాడు.

"నువ్వు లేపోతే ఏటైపోదుమే నర్సమ్మా! నువ్వూ మా కుటుంబమేనే."

"అవును బాబూ," అంటూ ఆమె ఆ మైలచేత్తోనే అతని విస్తట్లో మరో గరిటెడు అన్నం పెట్టింది.