నల్లగుడ్డ కప్పిన కంప్యూటర్

మా అన్నయ్య రదీసవ్ పోయి ఇరవై ఆరు రోజులైంది. ఇప్పుడు ఆయన ఫోను కూడా పోయేలా ఉంది. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచింది. ఆసుపత్రిలో చివరి రెండు వారాలూ ఆయన మా వదిన స్తమేనా కోసం రోజూ ఆ ఫోన్లో ఏదో ఒకటి మాట్లాడి పెట్టాడు. వదిన ఒక్కటీ వినలేదు. నలభయ్యో రోజు సమాధి దగ్గర భోజనాలు అయ్యాకే వింటానంది. ఫోను ఇంకోసారి ఆరిపోతే మళ్ళీ వెలగదనీ, ఈలోగా అంతా ఇంట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించుకోమనీ నెగోతిన్ టౌన్లో రిపేరు షాపతను చెప్పాడు.

వైరు పెడితే దానంతటదే కాపీ అయ్యేలా అన్నయ్య ఎప్పుడో అమర్చి పెట్టాడు. పెట్టాం. సగంలో ఆగింది. మూడు వైర్లు మార్చాను. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో చేసినదాన్ని, ఈ డబ్బాలు నాకు కొత్త కాదు. అయినా 'కాపీ పూర్తి కాలేదు' అనే అంటోంది ఫోను. ఎందుకు కాలేదో కంప్యూటర్ తెర చెబుతుంది. ఆ తెర మీద వదిన నల్లగుడ్డ కప్పేసింది. మా వైపు చావు జరిగిన ఇంట్లో అద్దాలు కప్పుతాం, ఈవిడ దాన్నీ అద్దాల్లో కలిపేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఫోను కాలిపోతున్నంత వేడెక్కింది. షాపులన్నీ మూసి ఉన్నాయి.

"వదినా, గుడ్డ తీస్తున్నా."

"తియ్యకు జీవ్కా. నలభై రోజులూ ఆయన ఇక్కడే తిరుగుతుంటాడు. తన మొహం తనకే కనబడితే దారి తప్పుతాడు."

"బతికున్నప్పుడు తప్పని దారా? ఆయన గొంతు పోతోంది, ముందు అది చూడు."

వదిన గుడ్డ అంచు కొంచెం ఎత్తింది. "నువ్వే లోపలికి దూరు."

తల దూర్చాను. సందు లేకుండా ఆమె నా వీపు చుట్టూ గుడ్డ బిగించి పట్టుకుంది. తెర మీద 'చోటు లేదు' అని ఉంది. అంత చోటు ఏది తినేసిందా అని వెతికాను. అన్నయ్య అంత్యక్రియల వీడియో, మూడు గంటలది. వియన్నాలో పనిచేసే మా తమ్ముడు బోజిదార్ రాలేకపోయాడని వదినే మనిషిని పెట్టి తీయించింది. ఆ తీసినతను దీన్ని ఇందులోకి ఎక్కించి, తన దగ్గరున్నది చెరిపేసుకున్నాడు. ఇంకెక్కడా లేదు, బోజిదార్ ఇంకా చూడనూ లేదు. లోపల నాకు ఏడుపొచ్చేసింది.

"ఏముందే అందులో?"

"అన్నయ్యని మట్టి చేసిన వీడియో ఉంది వదినా. అది తీసేస్తే గాని ఆయన మాటలకి చోటు లేదు. బోజిదార్‌కి ఏం చెబుతావ్?"

వదిన నా వీపు మీద గుడ్డ ఇంకాస్త బిగించింది.

"చెరిపెయ్. శవాన్ని చూసి వాడేం చేస్తాడు. అన్న మాట్లాడితే వింటాడు."

చెరిపేశాను. కాపీ నలభై నిమిషాలు పట్టింది. ఆమె గుడ్డ వదలకుండా నిలబడే ఉంది. అయిపోయిన కాసేపటికి ఫోను ఆరిపోయింది.

"వచ్చాయా?"

"అన్నీ వచ్చాయి."

"ఒకటి పెట్టు. సరిగ్గా ఉందో లేదో చూడాలిగా."

పెట్టాను. అన్నయ్య దగ్గాడు. "స్తమేనా, ఇవాళ కూడా ఈ ఆసుపత్రి చిక్కుళ్ళ కూరలో ఉప్పు లేదు" అన్నాడు.

"తెలుసు," అంది వదిన నా వెనక నుంచి, మెల్లగా. "రేపు నేను తెస్తానుగా."