ఇంజను మొహం ఎటువైపు

మా అమ్మాయి భవ్యశ్రీ, ఖయ్యూంను మొదటిసారి ఉస్తాద్ అని పిలిచిన రోజు నేను పక్కనే ఉన్నాను. కరీంనగర్‌లో జగిత్యాల రోడ్డు పక్కన అతనిది బైకులు బాగుచేసే షెడ్డు. భవ్య ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. కాలేజీ తరఫున బగ్గీ తయారుచేస్తోంది. ఇనుప పైపుల చట్రం, నాలుగు చక్రాలు, బురదలో ఎగిరెగిరి పోయే బండి. దానికి బైకు ఇంజను బిగించాలి. ఆదివారం ఆదిలాబాద్‌లో, పత్తి తీసేసిన నల్లరేగడి చేలో పోటీ.

ఇరవై ఎనిమిదేళ్లు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పినవాణ్ణి నేను. అడిగితే నన్ను అడగాలి కదా.

ఇంజను మాత్రం నన్నే అడిగింది. నా పాత బైకుది. మూడేళ్ల భవ్యను ఒళ్లో పెట్టుకుని నా భార్య సక్కుబాయి బాసరకు, అక్షరాభ్యాసానికి, ఆ బైకు మీదే వచ్చింది. సక్కుబాయి పోయి తొమ్మిదేళ్లు. అప్పటినుంచి భవ్యకు జడలు వేసింది, లెక్కలు చెప్పింది, జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది నేనే. ఇంజను అడగగానే ఇచ్చాను. ఇంకొకరి చేతిలో అది అంత మెత్తగా మోగుతుందని అనుకోలేదు.

నెల రోజులుగా ఇంట్లో ఒకటే పేరు. "ఉస్తాద్ చెవి వెట్టి వింటె చాలు బాపు, ఏ గేరు అరిగిందో చెప్తడు." నేను కట్టిచ్చిన టిఫిన్ డబ్బా మూత తియ్యకుండానే తిరిగొచ్చేది. ఖయ్యూం భార్య రషీదా బగారన్నం పెట్టిందట. నా పప్పుకు రుచి ఉండదని నాకూ తెలుసు. అయినా ఆ పప్పును కోపంగా నేనే తినేవాణ్ణి.

శుక్రవారం షెడ్డుకు వెళ్లాను. ఇంజను బిగించడం అయిపోయింది. చూడగానే తెలిసింది. బైకు ఇంజనుకు చైను ఎడమవైపు ఉంటుంది. బగ్గీ ఇరుసుకు ఎడమవైపు బ్రేకు పెట్టడంతో, చైను తిప్పే పళ్లచక్రం కుడివైపుకు పోయింది. రెండూ కలవాలని ఖయ్యూం ఇంజనునే తిప్పి, మొహం వెనక్కి పెట్టి కూర్చోబెట్టాడు. ముప్పై ఏళ్లు ముందుకు చూసే ఇంజనులే విప్పి బిగించినవాడికి, అది తిరిగితే చక్రమూ ఉల్టా తిరుగుతుందని తట్టలేదు. ఇక ఏ గేరు వేసినా బండి వెనక్కే.

"ఎట్లున్నది సార్?" అన్నాడు ఖయ్యూం.

"మంచిగనే ఉన్నది."

"మా బాపు మంచిగున్నదన్నడంటె పాసైనట్టే ఉస్తాద్. మా ఇంట్ల మార్కులు గింత జల్ది పడయ్!" భవ్య నవ్వింది.

నేనూ నవ్వాను. రేపు పొద్దున బండి మొదటిసారి కదులుతుంది. వెనక్కి పోతుంది. భవ్య అతని మొహం చూస్తుంది, తర్వాత నా మొహం చూస్తుంది. నాకు కావలసింది అంతే. షెడ్డులో ఇచ్చిన చాయ్ ఆ రోజు చాలా బాగుంది.

శనివారం భవ్య హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చుంది. "చైను ఎట్ల వోతదో నేను ఎనుకకెల్లి చూస్త బిడ్డా," అంటూ ఖయ్యూం బండికీ గోడకూ మధ్య సందులోకి వెళ్లి, గోడకు వీపు ఆనించి గొంతుక్కూర్చున్నాడు. ఇంజను మోగింది. గేరు టక్కుమని పడింది.

"ఆపు! భవ్యా, ఆపు!" పరుగెత్తి నేనే తాళం తిప్పేశాను. "ఖయ్యూం, లే అక్కడికెల్లి!"

"ఏమైంది బాపు?"

"అది ముంగటికి పోదు. ఎనుకకస్తది."

ఖయ్యూం జాకీతో వెనక చక్రాలు నేల నుంచి లేపాడు. స్టార్ట్ చేసి గేరు వేయించాడు. చక్రాలు వెనక్కి తిరిగాయి. రెండో గేరు. వెనక్కే.

"యా అల్లా! బైకుకు రివర్స్ గేరు లేదని ఇన్నేండ్లు పరేషాన్ అయినం. గిప్పుడు అయిదుకు అయిదు రివర్సే!" అని తలపట్టుకుని నవ్వాడు. తర్వాత తాను కూర్చున్న సందు వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది.

భవ్య హెల్మెట్ తీసింది. "నీకెప్పుడు తెల్సింది బాపు?"

నేను నోరు తెరిచేలోపే ఖయ్యూం అందుకున్నాడు. "సార్ నిన్ననే జెప్పిండు బిడ్డా. జర చక్రం తిప్పి చూడు ఖయ్యూం అన్నడు. నేనే మర్చిన. ముసలి దిమాగ్."

"గింత పెద్ద ముచ్చట మరుస్తరా ఉస్తాద్? రేపు పోటీ వెట్టుకొని!"

ఖయ్యూం తల దించుకుని తిట్లు పడ్డాడు. ఆ తిట్లు నావి. కసురుకునేంత చనువు కూడా అతనికే దక్కిందని ఒక్క క్షణం కుళ్లుకున్నాను. మంచితనంలోనూ నన్ను దాటిపోయాడు. అన్నిటికంటే అదే మండింది.

గోడ మీద, అతని వీపు ఆనిన చోట, చెమట మరక ఇంకా తడిగానే ఉంది.

"అబద్ధం," అన్నాను. "నేను చెప్పలే. నిన్ననే చూసిన. ఉస్తాద్ నీ ముంగట చిన్నవోవాల్నని సప్పుడు జెయ్యలే."

"జానే దో సార్, ఇడ్సిపెట్టుండ్రి," అన్నాడు ఖయ్యూం మెల్లగా.

భవ్య నావైపు చూడలేదు. బోల్టులు విప్పే పానాలు తీసుకుని బండి కిందికి దూరింది. ఇంజను మళ్లీ ముందుకు తిప్పాలి, ఇరుసు మీద బ్రేకునూ పళ్లచక్రాన్నీ అటిటు మార్చాలి. సాయంత్రం దాకా పని. నేను వెళ్లిపోవడమే మేలేమో అనుకుని చెప్పుల కోసం వెతికాను.

"బోల్టు మీద బరువు వడుతున్నది," కిందినుంచి గొంతు వచ్చింది. "ఎవరన్న ఇంజను లేపి వట్టుండ్రి."

ఎవరన్నా అంది. ఖయ్యూం ఇంజనును ఒకవైపు పట్టుకున్నాడు. రెండో వైపు ఖాళీగా వదిలి నిలబడ్డాడు. నేను వెళ్లి పట్టుకున్నాను.